లాభం వచ్చిన ఏడాది తగ్గిన మూటలు

బుక్కరాయసముద్రం,
మే 12.

వదినా,

పద్దుల కట్టతో పాటు ఈ ఉత్తరం కళ్యాణదుర్గం బస్సులో వస్తోంది. కట్ట విప్పే ముందు దీన్ని చదువు. కట్టలో చివరి కాగితం ముందే చూశావంటే నా ఉత్తరం సంగతి మరిచిపోయి నేరుగా మిల్లు వాకిట్లోకి పోతావని నాకు తెలుసు.

మన కంపెనీకి లాభం వచ్చింది. ఖర్చులన్నీ పోగా, పన్ను పోగా, మిషన్ కోసం ఏటా పక్కన పెట్టే అరవై వేలు కూడా పోగా నాలుగు లక్షల నలభై వేల రూపాయలు. నేను మూడుసార్లు కూడి చూశాను. ఆడిటర్ గారు నాలుగోసారి కూడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన గుమాస్తా కొత్తగా చేరినాయన, "ఇది ఏం కంపెనీ మేడం?" అని అడిగాడు. కంబదూరు చుట్టుపక్కల మూడు వందల పద్నాలుగు మంది ఆడవాళ్ళు తలా వెయ్యి రూపాయలు వేసి పెట్టుకున్న వేరుశనగ కంపెనీ అని చెప్పాను. కాయ కొని, కొట్టి, నూనె తీసి అమ్ముతారని చెప్పాను. అధ్యక్షురాలు మా మేనత్త కూతురు, నేను కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పుకుంటూ ఆదివారాలు వాళ్ళ లెక్కలు రాస్తానని కూడా చెప్పాను. మీకు జీతం ఎంత ఇస్తారు అన్నాడు. ఏడాదికి రెండు డబ్బాల నూనె అంటే నమ్మలేదు.

లెక్క చాలా సులువుగా ఉంది ఈసారి. నవంబరులో మూట రెండు వేల చొప్పున వెయ్యి మూటలు కొన్నాం. ఇరవై లక్షలు. మార్చి చివరికి మొత్తం ఆడించి నూనె, నూనె తీయగా మిగిలిన చెక్క అమ్మేశాం. నెలనెలా నూనె ధర పెరుగుతూ పోయింది కాబట్టి అమ్మిన ప్రతిసారీ అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. ఇప్పుడు గిడ్డంగి ఖాళీ, బ్యాంకు నిండుగా.

నాకు సంతోషం వచ్చిందంటే దాని వెనకే ఏదో మరిచిపోయానన్న అనుమానమూ వస్తుంది. గ్యాసు కట్టేసి కూడా వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చే మనిషిని. ఈసారి మాత్రం వెనక్కి రాదలుచుకోలేదు. అందరికీ చెప్పు.

నీ మరదలు,
చంద్రిక


కంబదూరు,
మే 21.

మా లెక్కల మరదలికి,

నువ్వు ఊహించిందే జరిగింది. కాగితం పట్టుకుని మిల్లు వాకిట్లోకే పోయినాను. ఆ రోజు కాయ ఏరే పని లేకపోయినా ఏదో ఒక సాకుతో నలభై, యాభై మంది వచ్చి కూర్చుని ఉన్నారు. చదివినాను. మా నల్లమ్మవ్వ, "లాభమంటే మనకొచ్చేదా, మనం కట్టాల్సిందా?" అని అడిగింది. పదేండ్లుగా ఈ కంపెనీలో వాటా కట్టండి, ఫీజు కట్టండి అనే మాటలే విన్నది కదా పాపం. మనకొచ్చేదే అంటే మళ్ళీ రెండుసార్లు చెప్పించుకుంది.

లక్ష్మీదేవి మొగుడు పుల్లన్న నీకు గుర్తుండే ఉంటాడు. ఆమె మన సభ్యురాలు, నోరు విప్పదు. ఆమెకు బదులు ఈయన విప్పుతాడు. మొదటినుంచీ మనది "ఆడోళ్ల బొమ్మలాట" అని పేరు పెట్టినవాడు. ఆ రోజు కూడా తూకం బల్ల మీద కూర్చుని, "లాభం కాగితంలో ఉండాదా, దుడ్లలో ఉండాదా?" అన్నాడు. అందరూ నా మొహం చూసినారు. నేనూ ఒక మాట అన్నాను. అదేమిటో తర్వాత రాస్తాలే, నీకు ఇప్పుడు అవసరం లేదు.

ఇంకొకటి. మిషన్ తిప్పే తిప్పేష్ గొణుగుతున్నాడు. నూనె మిషన్ అరిగిపోయిందంట, ఎన్నాళ్ళో రాదంట. అనంతపురం షాపులో ధర కనుక్కోమన్నాను. పదకొండు లక్షలు చెప్పినారు. మనం కొన్నది ఆరు లక్షలకు. నువ్వు ఏటా అరవై వేలు వేరే ఖాతాలో వేయిస్తూ వచ్చినావు, పదేండ్లకు ఆరు లక్షలూ ఉన్నాయి. మిషన్ పాతబడే లోపల మిషన్ దుడ్లు తయారుగా ఉంటాయని నువ్వే కదా చెప్పినావు. మరి ఐదు లక్షలు యాడ పోయినాయి? నువ్వు తప్పు కూడినావా, షాపాయన ఎక్కువ చెప్తున్నాడా?

ఫోన్ చెయ్యొద్దు. మిల్లులో వినపడదు, ఇంట్లో అందరూ వింటారు. రాయి.

ఆంజినమ్మ


బుక్కరాయసముద్రం,
జూన్ 2.

వదినా,

జవాబు ఆలస్యమైంది. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ఉన్నాను.

షాపాయన ఎక్కువ చెప్పడం లేదు. మరో రెండు చోట్ల కనుక్కున్నాను, అదే ధర. నేను కూడిందీ తప్పు కాదు. అది ఎలా అన్నది వివరంగా తర్వాత రాస్తాను. ఈలోపు తిప్పేష్‌ను మిషన్ బాగుచేయించడానికి ఎంత అవుతుందో కనుక్కోమను.

ఒక చిన్న సహాయం. కళ్యాణదుర్గం యార్డులో ఇప్పుడు కాయ మూట ఎంత పలుకుతోందో రాయి. మా పిల్లల ప్రాజెక్టుకు కావాలి.

పుల్లన్నతో నువ్వన్న మాటేమిటో కూడా రాయి. నాకు అవసరం లేదన్నావు కానీ, నీకు కోపం వచ్చినప్పుడు అన్న మాటలు తర్వాత ఎవరికో ఒకరికి అవసరమవుతాయి.

చంద్రిక


కంబదూరు,
జూన్ 8.

చంద్రికకు,

నీ ఉత్తరం చూస్తే బ్యాంకు నుంచి వచ్చిన నోటీసు మాదిరి ఉంది. కుశలం లేదు, ఎగతాళి లేదు. ఒంట్లో బాగుందా?

మూట రెండు వేల ఐదు వందలు. కొత్త పంట వచ్చేసరికి ఇంకా ఎక్కుతుందని దళారీలు అంటున్నారు. తగ్గుతుందని అన్నవాడు ఒక్కడూ లేడు. మీ పిల్లల ప్రాజెక్టుకు ఇది చాలనుకుంటాను.

అడిగినావు కాబట్టి చెప్తాను. పీర్ల పండగ లోపల మనిషికి పద్నాలుగు వందలు చేతిలో పెడతానని అన్నాను. మూడు వందల పద్నాలుగు మందికి పంచితే నీ నాలుగు లక్షల నలభై వేలు సరిగ్గా సరిపోతుంది, నేను నోటితోనే లెక్కేసినాను చూడు. పుల్లన్న బల్ల దిగి, "మాటేనా?" అన్నాడు. "ఆంజినమ్మ మాట" అన్నాను. ఆ తర్వాత ఆయన బల్ల ఎక్కలేదు, చెప్పులు తొడుక్కుని పోయినాడు. పదేండ్లలో నాకు అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

జనం అప్పుడే లెక్కలు వేసుకుంటున్నారు. ఒకామె గొర్రెపిల్లకు బయానా ఇచ్చింది. నల్లమ్మవ్వ పండగకు గూగూడు పోయి పీర్లకు చక్కెర చదివించి వస్తానంటోంది, బస్సు ఛార్జీకి ఎన్నాళ్ళ నుంచో చూస్తోందంట. పొద్దున లేస్తే ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చి, "ఏమక్కా, మనదెప్పుడు?" అంటున్నారు. వినడానికి బాగుంది.

డబ్బు బ్యాంకులో ఉంది కదా. ఏ రోజు తీయాలో చెప్పు.

ఆంజినమ్మ


బుక్కరాయసముద్రం,
జూన్ 13.

వదినా,

తీయొద్దు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఐదోది, ఎలా ఉన్నా పంపేస్తాను. పిల్లల ప్రాజెక్టు ఏదీ లేదు. మూట ధర నా కోసమే అడిగాను. నువ్వు మిషన్ గురించి రాసిన ఆ ప్రశ్న చదివిన రోజే నాకు అనుమానం మొదలైంది. ధర చేతికొచ్చాక నిర్ధారణ చేసుకుందామని ఆగాను. నిజం చెప్పాలంటే, నా లెక్క తప్పని తేలితే బాగుండునని ఆగాను.

పోయిన నవంబరులో మన దగ్గర ఇరవై లక్షలున్నాయి. వాటికి వెయ్యి మూటలు వచ్చాయి. ఏడాదంతా కష్టపడ్డాం. ఇప్పుడు లాభంతో కలిపి ఇరవై నాలుగు లక్షల నలభై వేలున్నాయి. మూట రెండు వేల ఐదు వందలు. భాగించి చూడు. తొమ్మిది వందల డెబ్బై ఆరు మూటలు వస్తాయి. రూపాయల్లో నాలుగు లక్షల నలభై వేల లాభం. మూటల్లో ఇరవై నాలుగు మూటల నష్టం. రెండూ ఒకే ఏడాది, ఒకే కంపెనీ, ఒకే చేత్తో రాసిన లెక్క.

నువ్వు చెప్పినట్టు లాభం పంచితే మళ్ళీ ఇరవై లక్షలే మిగులుతాయి. కాగితం మీద మన పెట్టుబడి పైసా తగ్గలేదు. గిడ్డంగిలో మాత్రం ఎనిమిది వందల మూటలే ఉంటాయి. మిల్లు నెలకు రెండు వందల మూటలు ఆడిస్తుంది. ఐదు నెలలు నడిచేది నాలుగు నెలలు నడుస్తుంది. కాయ ఏరే నలభై మందికి ఒక నెల కూలి పోతుంది. మనం కొనలేని ఆ రెండు వందల మూటలు మన సభ్యులే తీసుకుపోయి దళారీ కాటాలో పోసి వస్తారు. ఆ కాటా మోసంలోంచి బయటపడడానికే కదా ఈ కంపెనీ పెట్టుకున్నాం. ధర ఇలాగే పెరిగి, ఇలాగే ఏటా లాభం పంచుకుంటూ పోతే నాలుగైదేళ్ళకు పుస్తకాల్లో లాభాలు మిగులుతాయి, మిల్లు మిగలదు.

నేను రాసింది అబద్ధం కాదు వదినా. చట్టం అలాగే రాయమంటుంది. కొన్నది కొన్న ధరకే, అమ్మింది అమ్మిన ధరకే. మిషన్ అరుగుదల కూడా పదేళ్ళ కిందటి ధర మీదే. అందుకే ఆరు లక్షలు కూడబెట్టాం, అవసరమేమో పదకొండు. నవంబరు రూపాయిని, మార్చి రూపాయిని పక్కపక్కన నిలబెట్టి రెండూ ఒకే ఎత్తు అనుకుని తీసివేత చేశాను. పైగా ఆ లాభానికి లక్షన్నర పన్ను కూడా కట్టాం.

నాకు ఇది తెలియదా అంటే తెలుసు. ధరలు పెరిగేటప్పుడు కంపెనీల నివేదికలు ఎలా తప్పుదారి పట్టిస్తాయి అన్నది ఐదు మార్కుల ప్రశ్న. ఇరవై ఏళ్ళుగా జవాబులు దిద్దుతున్నాను. నాలుగు వాక్యాలు రాస్తే నాలుగు మార్కులు వేస్తాను. మొన్న కూడా వేశాను, ఒక పక్క మన లెక్క మనసులో తిరుగుతుండగానే. చదివింది చదివినట్టు చెప్పడం వేరు, మన గిడ్డంగి తలుపు తీసి చూసుకోవడం వేరు అని ఇంత వయసొచ్చాక తెలిసింది.

ఆదివారం వస్తాను. అందరి ముందూ నేనే చెప్తాను. తప్పు నాది.

చంద్రిక


కంబదూరు,
జూన్ 17.

చంద్రికకు,

నువ్వు రావద్దు.

వచ్చి ఏం చేస్తావు? అనంతపురం చీర కట్టుకుని తప్పు నాదే అని చెప్పి సాయంత్రం బస్సుకు పోతావు. మరుసటి రోజు పొద్దున వాకిట్లో నిలబడేది నేను. తప్పు నీదని నువ్వంటావు, కాదని నాకు తెలుసు, దాంతో పుల్లన్నకు ఏం పని?

నాకు కోపం లెక్క మీద కాదు. జూన్ రెండో తారీకుకే నీకు అనుమానం వచ్చింది. ప్రాజెక్టు అని రాసినావు. ఆ పన్నెండు రోజుల్లో నేను ఇంకో వంద మందికి పద్నాలుగు వందలు అని చెప్పుకున్నాను. నువ్వు ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే నోరు మూసుకునేదాన్ని. మా మరదలు రాసిందంటే రాసినట్టేనని పదేండ్లుగా అందరికీ చెప్తున్నాను.

మాట ఇచ్చినాను. నిలబెట్టుకుంటాను. కంపెనీ డబ్బు తీయను, నువ్వు భయపడొద్దు. మెట్ట మీద నా పేరున ఉన్న నాలుగెకరాల చేను బ్యాంకులో పెడతాను. మేనేజరుతో మాట్లాడినాను. కాగితాలు తయారవుతున్నాయి. ఇరవై తొమ్మిది ఆదివారం మీటింగు. ఆ లోపల కాగితం ఇస్తానని, నేను సంతకం పెట్టిన మరుసటి రోజే డబ్బు చేతికి వస్తుందని అన్నాడు.

ఆంజినమ్మ


బుక్కరాయసముద్రం,
జూన్ 21.

వదినా,

దాచాను. నిజమే. అనుమానం మనిషిని జాగ్రత్తపరుస్తుందని ఇన్నాళ్ళూ గొప్పగా అనుకునేదాన్ని. దాని చాటున పిరికితనం కూడా కూర్చుంటుందని తెలుసుకున్నాను.

చేను మాట ఒక్కటి. నువ్వు చేను పెట్టి పంచితే నష్టం మాయం కాదు, కంపెనీ నుంచి నీ పొలానికి మారుతుంది. మూడు వందల పద్నాలుగు మంది మోయాల్సింది నువ్వొక్కదానివి మోస్తావు. వాళ్ళకేమో కంపెనీకి నిజంగానే లాభం వచ్చిందనే నమ్మకం ఉండిపోతుంది. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతారు. అప్పుడు పెట్టడానికి నీ దగ్గర ఏ చేను ఉంటుంది? ఇది నీ మీద ప్రేమతో చెప్పడం లేదు, లెక్కలదానిగా చెప్తున్నాను. ప్రేమతో చెప్తే నువ్వు వినవు.

ఒక కాగితం జతచేశాను. అందులో రూపాయి అన్న మాట లేదు. పోయినసారి ఎన్ని మూటలు, ఈసారి ఎన్ని, పంచితే ఎన్ని, అంతే. మూడు వరుసలు. చదవాలనిపిస్తే చదువు, లేకపోతే పొయ్యిలో వెయ్యి.

నువ్వు రావద్దన్నావు కాబట్టి రాను. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

చంద్రిక


కంబదూరు,
జులై 1.

చంద్రికా,

కూర్చుని చదువు, ఇది పొడుగు.

ఆదివారం రెండు వందల అరవై మంది వచ్చినారు. అంతమందిని మన మిల్లు వాకిలి ఎప్పుడూ చూడలేదు. పద్నాలుగు వందల మహిమ. మగవాళ్ళు కొందరు ప్రహరీ మీద కూర్చున్నారు. పుల్లన్న తూకం బల్ల మీద, తన జాగాలో. నా చేతి సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి బ్యాంకుది, నేను సంతకం పెడితే చాలు. ఇంకోటి నీది. ఏది ముందు తీయాలో పొద్దుటి దాకా నాకు తెలియదు. నిలబడిన తర్వాత చేతికి నీదే తగిలింది. తగిలింది అంటున్నానే గానీ నీదే వెతుక్కున్నాను.

మూడు వరుసలూ చదివినాను. వెయ్యి. తొమ్మిది వందల డెబ్బై ఆరు. పంచుకుంటే ఎనిమిది వందలు. మా మరదలి తప్పు, నా తప్పు అని ఎవరి పేరూ ఎత్తలేదు. "నేను మాటిచ్చినాను, ఇప్పుడు ఆ మాట తప్పనీమని మిమ్మల్నే అడుగుతాండాను" అని చెప్పినాను.

పుల్లన్న లేచినాడు. మొన్న నాలుగు లక్షల లాభమన్నావు, ఈ పొద్దు ఇరవై నాలుగు మూటల నష్టమంటున్నావు, చదువుకున్నోళ్ళు లెక్క రాస్తే ఇట్లే ఉంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది అన్నాడు. ప్రహరీ మీద మగవాళ్ళు నవ్వినారు. ఆడవాళ్ళలో కూడా సణుగుడు మొదలయింది. గొర్రెపిల్లకు బయానా ఇచ్చినామె ఏడుపు మొహం పెట్టింది. నేను సంచిలో చెయ్యి పెట్టినాను, బ్యాంకు కాగితం కోసం.

అప్పుడు లక్ష్మీదేవి లేచింది. పదేండ్లలో ఆమె మీటింగులో నోరు తెరవడం నేను చూడలేదు. కొంగు సరిచేసుకుని, మొగుడి వైపు చూడకుండా, నా వైపు కూడా చూడకుండా మాట్లాడింది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మా ఆయన మూడేండ్ల కింద జత ఎద్దులు అమ్మినాడు. అరవై వేలకు కొన్నెవి, ఎండాకాలంలో ఎనభై వేలకు పోయినాయి. ఇరవై వేలు లాభమొచ్చిందని ఊరంతా చెప్పుకున్యాడు. ఆ ఇరవై పెట్టి నాకు కమ్మలు తెచ్చినాడు. వానలు పడినాక మిగిలిన అరవై తీసుకోని గోరంట్ల సంతకు పోతే జత లచ్చా ఇరవై చెప్పినారు. ఒగ ఎద్దును తోలుకోని వచ్చినాడు. ఈ పొద్దుకూ పక్కింటోళ్ల ఎద్దుతో జత కట్టుకోనే దున్నుతాండాము. వాళ్లు దున్నుకున్న్యాకే మాకు వంతు, అప్పటికి నేలలో పదును ఆరిపోతాది. నా చెవుల్లో ఉండేది కమ్మలు కాదక్కా, మా రెండో ఎద్దు."

పుల్లన్నే మెల్లగా, "బాగుండాయని నువ్వే అన్న్యావు కదా" అన్నాడు.

"బాగుండాయి. దున్నవు."

అంతే. ప్రహరీ మీద మగవాళ్ళు ఈసారి పుల్లన్నను చూసి నవ్వినారు. చానాసేపు నవ్వినారు. ఆయన కూడా చివరికి బల్ల మీదే తల వంచుకుని నవ్వినాడు. నాకైతే ఆ మనిషి మీద మొదటిసారి జాలి కలిగింది. మనం చేసిందీ ఆయన చేసిందీ ఒకటే కదా. ఆయన కమ్మలైనా తెచ్చినాడు.

ఆ తర్వాత ఎక్కువ మాటలు లేవు. డబ్బు కావాలనే వాళ్ళు పొట్టు కుప్ప వైపు, మూటలు ఉండాలనే వాళ్ళు గిడ్డంగి వైపు నిలబడమన్నాను. మన మీటింగుల్లో ఎప్పుడూ ఇట్లే కదా, చెయ్యెత్తమంటే రెండు చేతులూ ఎత్తుతారు. పొట్టు కుప్ప వైపు పదకొండు మంది పోయినారు. అందులో ముగ్గురికి నిజంగానే అవసరం ఉంది, వాళ్ళకు మేమే తలా కొంచెం వేసి చేబదులు ఇచ్చినాము. గొర్రెపిల్లామె గిడ్డంగి వైపే నిలబడింది, బయానా వెనక్కి అడుగుతానంది.

నేను మాట తప్పినాను కాబట్టి అధ్యక్షురాలిగా దిగిపోతానని చెప్పినాను. నల్లమ్మవ్వ అడ్డం వచ్చింది. "పదేండ్లుగా ఏమీ ఇయ్యలేదు, ఏమైనా అన్న్యామా? ఈ ఏడూ ఇయ్యకపోతే ఏమంట? కూర్చో." కూర్చున్నాను.

బ్యాంకు కాగితం సంతకం లేకుండా వెనక్కి ఇచ్చేసినాను. మేనేజరు బాధపడినాడు.

మిషన్‌కు బాగుచేత నలభై వేలంట, మిషన్ ఖాతాలోంచే ఇస్తాము. తిప్పేష్ ఇంకో రెండేండ్లు లాగుతానన్నాడు.

నీ మీద కోపం ఉందా అని అడుగుతావు. ఉంది. సగం పోయింది. మిగతా సగం నువ్వు వచ్చినప్పుడు తిట్టి తీర్చుకుంటాను, దాచుకునే అలవాటు నాకు లేదు.

మీ వదిన,
ఆంజినమ్మ


బుక్కరాయసముద్రం,
జులై 10.

వదినా,

నీ ఉత్తరం కాలేజీలో స్టాఫ్ రూములో చదివాను. రెండో ఎద్దు దగ్గర గట్టిగా నవ్వాను. ఎదురుగా ఉన్న ఫిజిక్స్ ఆయన ఏమైందన్నాడు. కమ్మలు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

ఇరవై ఏళ్ళుగా నేను నాలుగు వాక్యాలకు నాలుగు మార్కులు వేసిన జవాబును లక్ష్మీదేవి ఇంతకాలం చెవులకు పెట్టుకుని తిరిగింది. ఆమెకు ఐదుకు ఎన్ని వేయాలో నాకు తెలియడం లేదు.

ఆడిటర్ గారి దగ్గరికి పోయి మూటల కాగితం చూపించాను. మొదట అది లెక్కల్లో భాగం కాదన్నారు. కాదు, నిజమే. చట్టం అడిగేది రూపాయల లెక్కే. కానీ డైరెక్టర్ల నివేదికలో ఒక పేరాగా రాసుకుంటే ఎవరూ వద్దనరని ఒప్పుకున్నారు. మిషన్‌కు కూడా వచ్చే ఏడు నుంచి అరవై వేలకు తోడు, లాభం వచ్చిన ఏడాది ఇంకో యాభై వేలు నిధిగా పక్కన పెట్టుకోవచ్చట. చివర్లో ఆయనే అడిగారు, "మీ వాళ్ళు నిజంగా డబ్బు వద్దన్నారా?" అని. అవునన్నాను. "మా క్లయింట్లలో పెద్దపెద్దవాళ్ళున్నారు మేడం, ఒక్కరూ ఈ లెక్క అడగలేదు" అన్నారు. అది మెప్పో, ఆశ్చర్యమో తేల్చుకోలేక ఇంటికొచ్చాను.

వచ్చి నా జీతం చీటీలు తీశాను. పదేళ్ళవి. ఏటా పెరిగినందుకు ఏటా సంతోషించాను. బియ్యం మూటల్లో కొలిచి చూద్దామని పెన్ను తీసుకున్నాను. మళ్ళీ మూత పెట్టేశాను. ఒక ఏడాదిలో ఒక నిజం చాలు.

ఇప్పటికీ ఒక అనుమానం ఉంది. నవంబరుకు ధర పడిపోతే? అప్పుడు ఈ మాటలన్నీ అనవసరంగా భయపెట్టినట్టవుతుంది, పుల్లన్న మళ్ళీ బల్ల ఎక్కుతాడు. ఆ సంగతి మనసులో పెట్టుకోకుండా ఈసారి రాసేస్తున్నాను, చూడు.

తిట్లు తినడానికి వచ్చే ఆదివారం వస్తున్నాను. వంకాయ చెయ్యొద్దు.

చంద్రిక


కంబదూరు,
నవంబరు 30.

చంద్రికా,

ధర పడలేదు. నీ అనుమానాన్ని తీసుకుపోయి పెన్నలో కలుపు. మూట రెండు వేల ఐదు వందల యాభై. మన డబ్బుకు తొమ్మిది వందల యాభై ఆరు మూటలు వచ్చినాయి. నిన్నటితో కొనుగోలు అయిపోయింది. వాన సరిగా పడక పంట తక్కువే అయినా, మనవాళ్ళు దళారీ దగ్గరికి పోకుండా మన కాటాకే తెచ్చినారు. తిప్పేష్ పొద్దునే మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి తిప్పినాడు. కొత్త చప్పుడు ఒకటి చేస్తోంది గానీ నూనె వస్తోంది.

మూటలు పేర్చినాక గిడ్డంగిలో తూర్పు మూల ఒక జాగా ఖాళీగా మిగిలింది. నలభై నాలుగు మూటల జాగా. నేను చూసి కొంచెం దిగులు పడ్డాను. మధ్యాహ్నం కాయ ఏరే వాళ్ళు చద్దిమూటలు తీసుకుని ఎప్పటిలాగా ఎండలోకి పోకుండా ఆ మూలకే చేరినారు. చల్లగా ఉంది, గాలి వస్తుంది. గోనెసంచి పరుచుకుని నన్నూ కూర్చోమన్నారు. నల్లమ్మవ్వ నాకు ఉరిబిండి పచ్చడి పెట్టింది. ఇట్లాంటి జాగా పదేండ్లుగా లేకపోయెనే అని ఎవరో అన్నారు.

లక్ష్మీదేవి ఇప్పుడు డైరెక్టరు కదా. తిన్న ముద్ద మింగి, గోడకు పేర్చిన మూటల ఎత్తు ఒకసారి చూసి, నెమ్మదిగా అంది.

"బాగా కూర్చోండి. వచ్చే ఏడు ఈడ కూర్చోడానికి జాగా ఉండగూడదు."

ఆంజినమ్మ